ఐస్ ప్లాంటు కోసం పాత ఓఎస్ కట్టిన మూడు రోజులు

2022 జూన్. సముద్రంలో వేట నిషేధం ముగియడానికి ఐదు రోజులుంది. మచిలీపట్నంలో నేను కంప్యూటర్ సర్వీసు సెంటరు నడుపుతున్నాను. గిలకలదిండి హార్బరు దగ్గర ఐస్ ప్లాంటు ఉన్న నాగరత్నం గారు ఆ ఉదయం ఆటోలో సీపీయూ పెట్టుకుని వచ్చారు.

"హార్డ్ డిస్క్ పోయిందంటున్నారమ్మా. ఇది లేవకపోతే ఐస్ లేదు. ఐస్ లేకపోతే మా వాళ్ళ బోట్లు కదలవు."

ప్లాంటును నడిపే ప్రోగ్రాం ఇరవయ్యేళ్ళనాటి ఓఎస్ మీదే పనిచేస్తుంది. ఓఎస్ అంటే కంప్యూటరుకు ప్రాణంలాంటి మూల సాఫ్ట్‌వేర్. మిషన్ అమ్మిన కంపెనీ దాన్ని తమ మిషన్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చి, తర్వాత మూతపడింది. అదృష్టం కొద్దీ ఆవిడ బీరువాలో ఒక సీడీ దొరికింది. అందులో ప్రోగ్రాంతోపాటు ఆ ఓఎస్ సోర్స్ కోడ్, అంటే మనుషులు రాసిన అసలు ప్రతి ఉంది. దాన్ని కంప్యూటరు భాషలోకి మార్చి ఓఎస్‌గా కట్టడాన్ని బిల్డ్ అంటాం. మార్చే సాధనం కంపైలర్.

నా దగ్గరున్నది అదే ఓఎస్ కొత్త వెర్షన్. దానిమీద బిల్డ్ మొదలుపెడితే రెండు నిమిషాల్లో ఆగిపోయింది. ఒక తప్పు సరిచేస్తే పది బయటపడ్డాయి. రెండో రోజు మధ్యాహ్నానికి ఇక నావల్ల కాదనుకున్నాను.

నాగరత్నం గారు ఫ్లాస్కులో టీ తెచ్చారు. "కొత్తది తెలివైంది కదమ్మా, పాతదాన్ని ఎందుకు చెయ్యలేకపోతోంది?"

"కొత్త కంపైలర్‌కు పట్టింపులెక్కువండీ. పాతవాళ్ళు రాసిన తీరు ఒప్పుకోవట్లేదు."

ఆవిడ నవ్వారు. "మా అత్తగారు చెప్పే పులుసు మా కోడలికి అర్థం కాదు. ఆవిడ నాకు చెబితే, నేను దానికి చెబుతాను."

టీ కప్పు పక్కన పెట్టేశాను. నేను ఒక్క దూకులో ఇరవయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలని చూస్తున్నానని అప్పుడర్థమైంది. పాతదానికీ కొత్తదానికీ మధ్య వచ్చిన ఒక వెర్షన్ సోర్స్ ఇంటర్నెట్ నుంచి దింపుకుని, ముందు దాన్ని కొత్తదానిమీద బిల్డ్ చేశాను. అది లేచాక, దానిమీద పాతది మొదలుపెట్టాను. మూడో రోజు ఉదయం పదకొండింటికి బిల్డ్ తప్పుల్లేకుండా పూర్తయింది. నేను ఒక్కదాన్నే కుర్చీలో కూర్చుని నవ్వుకున్నాను.

ఆ ఓఎస్‌నూ ప్రోగ్రాంనూ కొత్త హార్డ్ డిస్కులో ఎక్కించి సీపీయూలో పెట్టాక, ఆ సాయంత్రమే ప్లాంటులో కంప్రెసర్ తిరిగింది. మర్నాడు మొదటి ఐస్ దిమ్మ జారి బయటికి రాగానే పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. నాగరత్నం గారు ఒక ముక్క పగలగొట్టి నా చేతిలో పెట్టారు. "నీదేనమ్మా ఇది."

అంతకుముందు అందరికీ "పాతది పారేసి కొత్తది కొనుక్కోండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడు ఏ మిషన్ బాగుచేసినా, దాని సోర్స్‌నూ కట్టడానికి వాడిన వెర్షన్లన్నిటినీ ఒక డిస్కులో దాస్తాను. ఏది ముందు కట్టాలో ఏది తర్వాతో తెలుగులో కాగితం మీద రాసి యజమానికి ఇస్తాను. ఇరవయ్యేళ్ళ తర్వాత దాన్ని తెరిచేవాళ్ళకు నేను అందుబాటులో ఉండకపోవచ్చు.