ఏడో తరగతి బి సెక్షన్‌లో అమ్మ

నా సర్వీసు మొత్తంలో రిజిస్టర్లో నేను రాసిన తప్పు ఒక్కటే. ఆ ఒక్కటీ నా సంతకంతో, స్కూలు ముద్రతో తహసీల్దారు ఆఫీసుకు పోయింది. అక్కడ ఏదో ఒక బీరువాలో ఇప్పటికీ భద్రంగానే ఉంటుంది. నా చేతిరాత ముత్యాల్లాగా ఉంటుందని అందరూ అంటారు కాబట్టి ఎవరు తీసి చదివినా అక్షరం తడబడరు: ‘అమ్మ. వయసు తెలియదు. లేవలేదు. చూపు లేదు. వెంటనే కంటి డాక్టరు కావలెను.’

తుఫాను ఎక్కడో సముద్రంలో పుట్టి, అన్ని జిల్లాలు దాటి మా దాకా వచ్చేసరికి అలిసిపోతుందిలే అనుకున్నాం. అలవలేదు. మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. ఆళ్లగడ్డలో వక్కిలేరు పొంగి పల్లపు వీధుల్లోకి వచ్చింది. మా హైస్కూలు గేటు మీద ‘పునరావాస కేంద్రం’ అని గుడ్డ కట్టి, నన్ను దానికి ఇన్‌చార్జిని చేశారు. నా సమర్థత చూసి కాదు. నాది నంద్యాల, రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఆరోజు రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోయాయి. ఇంటికి పోలేక మిగిలిపోయిన టీచరును నేనొక్కదాన్నే.

అదే సమయానికి నంద్యాలలో కుందూ నది నీళ్ళు మా వీధిలోకి కూడా వచ్చాయి. మా తమ్ముడు అమ్మను ఎత్తుకొని అక్కడి ఇంకో స్కూలుకు చేర్చాడు. అంటే నేనిక్కడ ఊరందరి అమ్మల పేర్లూ రాసుకుంటూ కూర్చుంటే, అక్కడ ఇంకెవరో టీచరు మా అమ్మ పేరు రాసుకుంటోంది. మా అమ్మకు రెండు కండ్లల్లోనూ శుక్లాలు. గొంతును బట్టి, చీర రంగును బట్టి మనుషులను గుర్తుపడుతుంది. ఇంట్లో అయితే గోడ పట్టుకొని తిరిగేస్తుంది. కొత్త చోట ఎవరి గిన్నెల మీద పడుతుందో, ఏ మెట్టు తప్పుతుందో అని నాకు ఒకటే గుబులు.

ఆపరేషను రెండేళ్ళుగా వాయిదా పడుతోంది. క్రిస్మస్ అయిపోనీ అంది. తర్వాత ఈస్టర్ అయిపోనీ అంది. చర్చి కూటాలన్నాం, ఎండలన్నాం. అమ్మ ఒద్దన్నప్పుడు అమ్మ మీదికి తోసేశాను. పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడ్డప్పుడు ఆపింది మాత్రం నేనే. ఈ మాట ఇంతవరకు మా తమ్ముడికి కూడా చెప్పలేదు.

ఇక మా కేంద్రం సంగతి. ఒక్కో గదిలో నాలుగేసి కుటుంబాలు. సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి ఎవరి జాగా వాళ్ళకు చూపించాను. మర్నాడు పొద్దున చూస్తే ఆ గీతల ముందు అదే సుద్దముక్కతో ముగ్గులు. ఒకామె గీత బయట చెప్పులు విడిచి లోపలికి పోతోంది. ఇంకొకామె గీత అవతల నిలబడి, “ఏందీ, అడక్కుండా ఇంట్లోకొస్తాండావ్?” అని పక్కామెను నిలదీస్తోంది. జెండా తాడు మీద లంగాలు ఆరేశారు. సైన్సు ల్యాబులో చోటిచ్చిన పెద్దాయన ఒకడు అక్కడ వేలాడే అస్థిపంజరాన్ని ఎగాదిగా చూసి, “ఈయప్ప పోయిన తుఫానుకొచ్చినట్టుండాడే, ఇంగా పంపియ్యలేదా మేడం?” అని అడిగాడు.

ఈ సందడిలో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆరుమంది మగవాళ్ళు బొంగులు కట్టిన చెక్క మీద, కంబళి చుట్టి, పైన టార్పాలిన్ కప్పిన మనిషిని దించుతున్నారు. “నిదానం, నిదానం! ముక్కు జాగర్త!” అని ఒకాయన వానలో తడుస్తూ అరుస్తున్నాడు. తల్లి ముక్కు గురించి అంత బెంగపడే కొడుకును నేనెక్కడా చూడలేదు. ఎంత భారీ మనిషో పాపం అనుకున్నాను.

చెక్కను లోపలికి పంపి ఆయన నా బల్ల దగ్గరికొచ్చాడు. యాభై దాటిన మనిషి. కనుబొమల మీద, వెంట్రుకల్లో రాతి పొడి తడిసి బురదై ఉంది. నేను ఆళ్లగడ్డలో పదేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని, ఉలి చప్పుడు వినపడని వీధి ఈ ఊర్లో లేదు. ఇంత తెలిసీ ఆ పూట నాకు ఏమీ తట్టలేదు.

“ఎంతమందప్పా మీరు?” అన్నాను.

“నేను, మా ఇంట్లో ఆమె. అమ్మ ఉంది. అమ్మకు ఎవురి కాళ్ళూ తగలకుండా ఓ మూల జాగా కావల్ల మేడం.”

“అమ్మ వయసెంత?”

“వయసంటే ఏం చెప్పల్ల? నా చేతికొచ్చి ఎనిమిది నెలలయితాంది.”

అన్నదమ్ములు వంతులేసుకొని తల్లిని సాకుతున్నారన్నమాట. మా బంధువుల్లో ఇలాంటి వంతులు చూసినదాన్నే. పెదవి బిగబట్టి ‘తెలియదు’ అని రాశాను.

“లేస్తుందా?”

“యాడ లేస్తాది? ఆరుమంది పడితే గానీ కదల్దు.”

“కండ్లు కనపడతాయా?”

“ఇంగా తెరిపియ్యలేదు మేడం. మంచి రోజు జూసి తెరిపియ్యల్ల. కోయిలకుంట్ల కాడ పెద్దమనుషులుండారు, వాళ్ళు రోజు చెప్పల్ల.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కలం పక్కన పెట్టి మొదలుపెట్టాను. కండ్లకు మంచి రోజేంది, చెడ్డ రోజేంది? పెద్దమనుషులు చెప్పేదేంది? నీ తల్లి చీకట్లో పడుంటే నువ్వు పంచాంగం చూస్తూ కూర్చుంటావా? వయసైపోతే మనిషి మనిషి కాదా? వరండాలో వరుసలో నిలబడ్డవాళ్ళందరూ విన్నారు. ఆయన చేతులు కట్టుకొని బుద్ధిగా విని, “మీ అట్లా అడిగేటోళ్ళు యాడుండారు మేడం,” అన్నాడు. కండ్లల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నా మాటకు మనిషి కరిగిపోయాడని నేను మురిసిపోయాను.

ఆ గర్వంతో అమ్మకు ఏడో తరగతి బి సెక్షన్ మొత్తం ఇచ్చేశాను. వాన కొట్టని మూల, పిల్లలకు ప్రవేశం లేదు. పూటపూటకూ జావ పంపించాను, పాలు పంపించాను, అరటిపండ్లు పంపించాను. ఆయన భార్య గుమ్మంలోనే కండ్లకద్దుకొని తీసుకునేది. కాసేపటికి ఖాళీ గ్లాసు తెచ్చిచ్చేది. “తాగిందా?” అంటే, “తాగినట్లే మేడం,” అనేది. ఆ మాట కాస్త వింతగా ఉన్నా, రోగుల సంగతి అంతేలే అనుకున్నాను. అమ్మకు చూపించిన జావ ఆ తర్వాత పిల్లలందరికీ ప్రసాదమైపోయేదని నాకేం తెలుసు? బి సెక్షన్ కిటికీ దగ్గర పిల్లలు ఎప్పుడూ ఎందుకు వరుసలో ఉంటారో కూడా ఆలోచించలేదు.

మరి లోపలికి పోయి ఒక్కసారైనా చూడలేదా అంటే, చూడలేదు. గుమ్మం దాకా పోయేదాన్ని. కరెంటు లేని ఆ గదిలో మూలన కంబళి కింద మనిషి ఆకారం కనపడేది. అంతే, వెనక్కి తిరిగేదాన్ని. కండ్లు లేని ముసలామెను దగ్గర్నుంచి చూస్తే ఏడుపొస్తుందని భయం. రోజుకు నాలుగుసార్లు నంద్యాలకు ఫోను చేసి, “గోడ పట్టుకో, ఒక్కదానివే లేవద్దు, రెండేండ్ల నుంచి కండ్ల ఆపరేషను వాయిదా వేస్తిమి,” అని అమ్మ మీద అరిచేదాన్ని. అమ్మ, “ఈడ గుడ్డు కూడా పెడతాండారే, నువ్వేం బెంగపడాకు,” అనేది. ఆ గుడ్డు మాట విన్నాక నాకు ఇంకా ఏడుపొచ్చేది.

నాలుగో రోజు దారులు తెరుచుకున్నాయి. నా రిజిస్టరు చదివి, నంద్యాల నుంచి కంటి డాక్టరును జీపులో పంపించారు. పెద్దాయన, తొందరలో ఉన్నాడు. నేను ముందు నడిచాను. వెనకాల కేంద్రంలో ఉన్న జనమంతా నడిచారు. శిల్పి దంపతులు తలుపు తీసి పక్కకు నిలబడ్డారు. ఇప్పుడు ఆయన్ను శిల్పి అంటున్నాను గానీ, అప్పటికి నా లెక్కలో ఆయన తల్లిని పట్టించుకోని కొడుకు.

డాక్టరు గొంతుక్కూర్చొని కంబళి తీశాడు. టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

“మేడం, ఈమెకు శుక్లాలు లేవు.”

“హమ్మయ్య,” అన్నాను.

“కనుగుడ్లు కూడా లేవు. ఇంకా చెక్కలేదు.”

నల్లరాతి అమ్మవారు. చక్కటి ముక్కు, సన్నగా నవ్వే పెదవులు, కనురెప్పల మధ్య నున్నగా ఖాళీ. నా వెనకాల నవ్వులకు స్కూలు కప్పు ఎగిరిపోయింది. నవ్వి నవ్వి ఒకామె గుమ్మంలోనే కూలబడింది. అస్థిపంజరం పక్కన పడుకునే పెద్దాయన మాత్రం నవ్వలేదు. “నాలుగు దినాలు పాలు తాగిచ్చినావు గదా మేడం, పుణ్యమే,” అని ఓదార్చాడు.

నేను శిల్పి మీద పడ్డాను. “రాయి అని ఒక్క మాట చెప్పకూడదా అప్పా?”

“అమ్మ అని చెప్పినా గదా మేడం! రాయి అని ఎట్లంటాం?” ఆయనకు నిజంగానే నొప్పి కలిగింది. “మీరు కిరస్తానం వాళ్ళయ్యుండి కూడా మా అమ్మ గురించి ఇంత ఇదిగా అడుగుతాండారే అని మా ఆడామెతో చెప్పి ఏడ్చినా. కంటి డాక్టరంటే, కొలతలు జూసేదానికొచ్చినాడేమో అనుకున్యా.”

అప్పుడు అంతా విడమరిచి చెప్పాడు. కోయిలకుంట్ల పక్క ఊరి గుడికి ఎనిమిది నెలలుగా చెక్కుతున్నాడు. కండ్లు చివర్న, గుడిలోనే తెరిపించాలి. అంతవరకు ముక్కు కొన రవ్వంత చిట్లినా పూజకు పనికిరాదు, మళ్ళీ కొత్త రాయి. షెడ్డులోకి నీళ్ళొస్తే, తేలుతూ గుద్దుకొనే సామాన్ల మధ్య ఆమెను వదలలేక ట్రాక్టరెక్కించాడు. ఇల్లంతా మునుగుతుంటే మోసుకొచ్చింది ఆమె ఒక్కదాన్నే.

డాక్టరు వెంట తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన మనిషి, గది మనుషులకు కావాలి, రాయిని బయట చెట్టు కింద పెట్టించండి అన్నాడు. శిల్పి ముఖం మాడిపోయింది. చెట్టు కింద పిల్లలు రాళ్ళేసుకొని ఆడుకుంటున్నారు. “ఆమె పేరు రిజిస్టర్లో ఉంది సార్. దిద్దితే రిజిస్టరు చెడిపోతుంది,” అన్నాను, క్లాసులో వాడే గొంతుతో. ఆయన చెట్టు మాట వదిలేశాడు. కావాలంటే గదిలో ఇంకో రెండు కుటుంబాలు సర్దుకుంటాయని, మధ్యలో నేనే గీత గీశాను. అమ్మవారి గీత ముందు మాత్రం ముగ్గు వేయమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

డాక్టరు సంచి సర్దుకుంటూ, “ఇంత దూరం వచ్చాను. నిజంగా కండ్లు తెరిపించాల్సిన అమ్మ ఇంకెవరైనా ఉందా?” అన్నాడు.

నేను గోడ వైపు చూస్తున్నాను.

“మేడం, మీ అమ్మకు కూడా ఇంగా తెరిపియ్యలేదు గదా?” అన్నాడు శిల్పి. నాలుగు రోజులుగా నేను ఫోనులో అరిచే అరుపులు బి సెక్షన్ దాకా వినపడ్డాయన్నమాట. “రెండేండ్లంటిరే. మంచి రోజు కోసరమా మేడం?”

ఆయన వెటకారం చేయలేదు. అది ఆయనకు చేతకాదు కూడా. నిజంగానే అడిగాడు. నేను వరండాలో ఆయనకు చెప్పిన పాఠమంతా ఒక్కో వాక్యం గుర్తొచ్చి, నిలబడిన చోట నాకు తలకొట్టేసినట్టయింది. “ఉంది సార్. నంద్యాలలో,” అన్నాను డాక్టరుతో.

సాయంత్రం ఆ జీపులోనే బయల్దేరాను. శిల్పి జీపు దాకా వచ్చి, “మేడం, తెరిపిచ్చేటప్పుడు ఎదురుగా నిలబడాకండి. మొదటి చూపు మనిషి తట్టుకోలేడు. అద్దం పెట్టల్ల,” అన్నాడు.

“మా అమ్మ అమ్మోరు కాదప్పా,” అన్నాను.

“ఎవురికెరక మేడం,” అన్నాడు.

నంద్యాల స్కూల్లో అమ్మ పదిమంది ఆడవాళ్ళ మధ్య మహారాణిలా కూర్చొని ఉంది. మెట్టు తప్పలేదు, గిన్నెల మీద పడలేదు. జరిగిందంతా చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపి, “ఆ యమ్మకు ఎప్పుడు తెరిపిస్తాండారంట?” అంది.

“వచ్చే నెల్లోనంట.”

“అయితే నాకు ఈ నెల్లోనే తెరిపియ్యే. రాయి కంటే ఎనకబడతానా నేను?”

రెండేళ్ళ బతిమాలడంతో కానిది ఆ పోటీతో అయిపోయింది. చిన్న ప్రార్థన చేసుకొని, డాక్టరు రాకముందే తనే ఆపరేషను బల్ల ఎక్కింది.

పట్టీ తీసే పొద్దున నేను సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. అమ్మ రెప్పలు ఆడించింది. కిటికీ చూసింది, గోడ మీద అక్షరాల పటం చూసింది, నర్సు చీర అంచు చూసింది. తర్వాత నన్ను చూసింది. దేవునికి స్తోత్రం అంటుందని ఎదురుచూస్తున్నాను. అమ్మ చెయ్యి చాచి నా పాపిట దగ్గర వెంట్రుకలు పట్టుకుంది.

“ఏమే, ఇవి ఎప్పుడు నెరిసినాయే?”

“రోజూ నీ ఎదురుగానే కూచొని అన్నం తింటాంటి గదమ్మా.”

“తింటాంటివి. నేను చూడకముందే ముసిల్దానివైపోతివి గదే,” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కంట్లో మందు పోతుందని నర్సు ఇద్దర్నీ కలిపి తిట్టింది.

అద్దం నా చేతిసంచిలోనే ఉంది.