అనసూయమ్మ గారు అత్తగారిని బళ్ళో చేర్చిన రోజు

బాపట్ల కొత్త జిల్లా అయిన తొలిరోజుల్లో నన్ను రేపల్లె ప్రాంతానికి తహసీల్దారుగా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. సముద్రం దగ్గర కనుక అక్కడ తహసీల్దారుకు పెద్ద పని తుఫానే. హెచ్చరిక రాగానే దండోరా వేయించాలి, పల్లపు ఇళ్ళవాళ్ళను పునరావాస కేంద్రానికి చేర్చాలి. పేరు ఘనంగానే ఉంటుంది గాని, ఆ కేంద్రం హైస్కూలు భవనమే.

ఆ ఏడాది తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందన్నారు. కరకట్ట పక్కనున్న ఒక ఊళ్ళో పూరిళ్ళవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. అంతకుముందోసారి ఇలాగే తీసుకెళ్తే చుక్క వాన పడలేదట, పైగా కోళ్ళు పోయాయట. నేను మైకులో మాట్లాడాను. శ్రద్ధగా విన్నారు. విని, వెళ్ళి వంటలు చేసుకున్నారు.

ఆ ఊళ్ళో అనసూయమ్మ గారని ఒకావిడ ఉండేవారు. పుట్టిల్లు తెనాలి. కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి, ఎవరికి నొప్పులొచ్చినా ఆటో ఎక్కించి తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళడం, దిక్కులేని ముసలివాళ్ళకు అన్నం పంపడం ఆవిడ చేసే పనులు. ఏ సంఘంలోనూ సభ్యత్వం లేదు. అత్తగారు రత్తమ్మ గారి షరతు ఒక్కటే: ఇంట్లో వంటయ్యాకే ఊరి పని. అందుకని తెల్లవారకముందే వంట ముగించేవారు. అయినా అత్తగారి లెక్కలో ఆవిడ ఇల్లు పట్టని కోడలే.

సాయమడిగితే వెంటనే నాతో ఇంటింటికీ వచ్చారు. చేపల బుట్ట సర్దుకుంటున్న మంగమ్మ తలెత్తకుండానే అంది: "మీదంటే డాబా ఇల్లు పిన్నిగారూ, చెప్తారు. మేం ఇవన్నీ వదిలేసి ఆ బడి గచ్చు మీద పడుకోవాలా?"

అనసూయమ్మ గారి ముఖం చిన్నబోయింది. "అదీ నిజమేలే" అని ఇంటికి వెళ్ళిపోయారు. ఉన్న ఒక్క సాయమూ పోయిందనుకున్నాను.

కాసేపటికి వీధిలో కేకలు వినిపించాయి. ముందు ఆవిడ భర్త, నెత్తిన నవారు మంచం. వెనక కోడలి చెయ్యి పట్టుకుని రత్తమ్మ గారు.

"ఊరిసేవ అంటే పోనీలే అనుకున్నా. ఇప్పుడు నన్నే బళ్ళో చేరుస్తుంది. ఈ వయసులో నాకు చదువేంటండీ?"

జనం నవ్వుకుంటూ బయటికొచ్చారు. మంగమ్మ అడిగింది: "మీరెందుకు మామ్మగారూ? మీ ఇంటికేమవుద్ది?"

"నాకేం తెలుసే? దీన్నడుగు."

"ఏమీ అవదు మంగా," అన్నారు అనసూయమ్మ గారు. "మీరొచ్చేదాకా మేం అక్కడే ఉంటాం."

మంగమ్మ బుట్ట ఎత్తుకుంది. ఆమె వెనక మిగతావాళ్ళు కదిలారు. పొద్దుగూకేసరికి బడి నిండింది. రత్తమ్మ గారు హెడ్మాస్టరు గది తీసుకుని, ఎవరెక్కడ పడుకోవాలో నిర్ణయించి, నేను చేయించిన పులిహోరలో ఉప్పు చాల్లేదన్నారు.

గాలికి పూరిళ్ళ కప్పులు లేచిపోయాయి. మంగమ్మ ఇంటి గోడ లోపలికి కూలింది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. అనసూయమ్మ గారి డాబాకు గీత కూడా పడలేదు. "చూశారా మేడమ్ గారూ, ఇంట్లోనే ఉంటే హాయిగా నిద్రపోయేదాన్ని" అన్నారు రత్తమ్మ గారు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

'లోతట్టు ప్రాంతాల ప్రజలను సురక్షితంగా తరలించడమైనది' అని నివేదిక వెళ్ళింది. ఆఫీసు భాషలో ఇలాంటి వాక్యానికి కర్త అక్కర్లేదు. అనసూయమ్మ గారి పేరు విడిగా పంపితే, ఏ సంస్థ తరఫున అని అడిగారు. బాపట్లలో ప్రశంసాపత్రం నాకిచ్చారు. తీసుకెళ్ళి ఆవిడకు చూపించాను.

"బాగుందండి. రేపు మీ జీపేమన్నా తెనాలి వెళ్తుందా? ఒక పిల్లకి నెలలు నిండాయి" అన్నారు.

జీపు పంపాను.

నేను రిటైరయ్యాక ఆవిడ గుండెజబ్బుతో పోయారని తెలిసి వెళ్ళాను. రత్తమ్మ గారు వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెబుతున్నారు: "ఏనాడూ ఇంటిపట్టున ఉండలేదండి. పోయేటప్పుడు మాత్రం ఇంట్లో ఉంది."

కదలాల్సిన అవసరం లేనివాళ్ళు ముందు కదిలితే తప్ప, అవసరమున్నవాళ్ళు కదలరని ఆ ఊళ్ళో నేర్చుకున్నాను. ఆ తుఫాను తర్వాత, రిటైరయ్యేదాకా, హెచ్చరిక వచ్చినప్పుడల్లా డాబా ఇళ్ళవాళ్ళనే మొదట రమ్మని అడిగేదాన్ని. మంచి ఆలోచనని అందరూ మెచ్చుకున్నారు. వచ్చినవాళ్ళు తక్కువ.