మాత ‘మీరు’ అన్న పిల్ల

చిన్నప్పుడు నేను ఫ్రాన్సులో ఉన్న లూర్దును మన గుణదలకు బ్రాంచి అనుకునేదాన్ని. మాది బెజవాడ. ఫిబ్రవరిలో గుణదల కొండెక్కడం, కొబ్బరికాయ కొట్టడం, గుండు చేయించుకోవడం, దిగి జీళ్లు కొనుక్కోవడం. మాకు తెలిసిన లూర్దు మాత పండుగ అదే. ఫ్రాన్సువాళ్లూ చేస్తారంటే, పోనీలే, వాళ్లకీ భక్తి ఉందనుకున్నాను.

బ్లూకార్డు అనే ఉద్యోగ వీసా మీద జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్క ఊరికి వచ్చాక నా కూతురికీ అదే చెప్పాను. ఈ సంగతి జరిగేనాటికి అది రెండో తరగతి. కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, చేరినప్పటి నుంచీ తెలుగులో అడిగితే జర్మన్‌లోనే జవాబు. ఆఫీసులో పగలంతా జర్మన్‌తో కుస్తీ పట్టి వస్తే ఇంట్లోనూ అదే కుస్తీ. పైగా నా తప్పులు దిద్దేది. కడుపున పుట్టిన పిల్ల నాకు పరాయిదైపోతోందని ఏడుపొచ్చేది.

పండుగ ముందు ఆదివారం, చర్చిలో పిల్లలకు పాఠం చెప్పే పెద్దావిడ ఆ పండుగ ఎలా మొదలైందో చెప్పారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. మా అమ్మాయి చెయ్యెత్తి, ఆ రోజు గుండ్లు ఎవరు గీస్తారని అడిగింది. పెద్దావిడ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

కథ సాగింది. కట్టెలేరుకోవడానికి వెళ్లిన పేదపిల్లకు గుహలో తెల్లబట్టలతో మాత కనిపించింది. బళ్లో నేర్పే ఫ్రెంచిలో కాదు, ఆ పిల్ల ఇంట్లో మాట్లాడుకునే యాసలోనే పలకరించింది. అదీ, పెద్దావిడ జర్మన్‌లో చెప్పినట్టు, చిన్నపిల్లల్ని అనే ‘డు’ అనకుండా, పెద్దవాళ్లను అన్నట్టు ‘జీ’ అని. ఇక్కడికి వచ్చే దయ చేస్తారా అని అడిగింది. ఆ పిల్ల బిత్తరపోయిందట.

ఇంటికి నడుస్తున్నంతసేపూ, మా అమ్మాయి గుణదల సంగతి నిలదీస్తుందేమోనని జవాబు సిద్ధం చేసుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, మన ఇంటి భాషలో ‘జీ’ ఉందా అని జర్మన్‌లో అడిగింది.

“ఉంది. మీరు,” అన్నాను.

పప్పన్నం పెట్టి తినమన్నాను. ముట్టుకోలేదు.

“అమ్మా,” అంది. “నువ్వు నన్ను మీరు అను.”

తెలుగే. గిన్నె కింద పెట్టి గొంతు సవరించుకున్నాను.

“మీకు నెయ్యి వెయ్యమంటారా అండీ?”

“వెయ్యి,” అంది నా కూతురు, మహారాణిలా.

వేశాను. ‘చాలు’ అనే మాట కూడా వినాలని, వేస్తూనే ఉన్నాను.