టీకా తుడిచిన తడిగుడ్డ

జమ్మలమడుగు పఠనమందిరంలో రోజూ పత్రికలు చదివే పెద్దమనుషులారా, పిల్లలకు వేయించిన టీకాను ఇల్లు చేరకముందే తుడిచేస్తున్నది మీ ఇళ్లవాళ్లే!

ఊళ్లో మశూచి తిరుగుతోంది. ఈ రోజు సత్రం అరుగు మీద టీకాలు వేస్తుంటే జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు. నిరుడు టీకా అంటే తలుపులు వేసుకున్న ఊరే ఇది. చూసి సంతోషించాను. ఆ సంతోషం సత్రం వెనక్కు పోయేదాకానే నిలిచింది. అక్కడ ఒక వకీలుగారి భార్య, చంటిబిడ్డ చేతికి అప్పుడే వేసిన మందును తడిగుడ్డతో తుడుస్తోంది.

"ఏందమ్మా ఆ పని?" అన్నాను.

"అమ్మోరికి కోపమొస్తాదప్పా. సర్కారోళ్ల మాట ఇంటిమి గదా, సాల్లే."

వరుసలో ఉన్న గొర్రెల కాపరి ఎల్లమ్మ వచ్చి ఆ గుడ్డ లాక్కుంది.

"నేనూ ఇట్లనే తుడిస్తి తల్లీ. నా పెద్దోడు మన్నులో ఉండాడు. పో, మళ్లా ఏపిచ్చుకో."

వకీలుగారి భార్య తలవంచుకుని బిడ్డతో మళ్లీ అరుగు దగ్గరికి వెళ్లింది. టీకాలాయన రిజిస్టరు చూపించి, "ఈ బిడ్డ పేరు ఎక్కింది, మళ్లీ వేయను" అన్నాడు. ఛీ! ఎల్లమ్మ అడ్డంగా నిలబడితే గాని వేయలేదు.

ఎల్లమ్మకు అక్షరం రాదు. మీకు రోజుకు రెండు పత్రికలు చాలవు. నాది తప్పంటే వచ్చి వాదించండి. ఈ పఠనమందిరం గోడకు అతికిస్తున్న నా డిమాండ్లు ఇవి:

మందు ఆరేదాకా పిల్లలను అరుగు మీదే కూర్చోబెట్టాలి.
ఎనిమిదో రోజు పొక్కు లేచి టీకా పట్టిందని చూశాకే రిజిస్టరులో రాయాలి.
టీకా గొర్రెల కాపరుల గుడిసెల దాకా పోవాలి.
రేపు మీరు మీ పిల్లలను ఇక్కడికి తెచ్చి, వాళ్ల చొక్కా చేయి పైకి మడిచి టీకా గాటు చూపించాలి.