కప్పతల్లి ఎదుట నా మొక్కు

ఊరంతా ఒక్కటై నన్ను చీదరించుకున్న పొద్దు ఒకటుంది. చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గే వస్తుంది.

అప్పట్లో నేను ముసలి నక్షత్రాల మీద పరిశోధన చేస్తున్నాను. చావు దగ్గరపడిన నక్షత్రం ఒంటిమీది వాయువునంతా చుట్టూ వదిలేసి, నడుమ నిప్పుకణికలా మిగులుతుంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అంటారే, అదే. ఆ కణిక వేడిని కొలవడానికి దూరాన కొండమీది టెలిస్కోపు నాకు రెండు రాత్రులు ఇచ్చారు. వానాకాలం మొదలైతే దాన్ని మూసేస్తారు. ఆ రెండూ పోతే మళ్లీ ఏడాదికే.

వెళ్లేముందు విడపనకల్లు దగ్గర మా ఊరికి వచ్చాను. నాయన విత్తనానికి సెనక్కాయలు ఒలిపించి పెట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు. నేనూ అటే చూస్తున్నాను. ఆయనకు మబ్బు కావాలి, నాకు వద్దు.

ఎస్టీడీ బూతు నుంచి మా ప్రొఫెసరుగారికి ఫోన్ చేశాను. లైనంతా గరగర.

“మీ వైపు మబ్బులున్నాయా?”

“లేవు సార్!”

“వినపడలేదయ్యా!”

గొంతు చించుకున్నాను. “ఒక్క తునక కూడా లేదు సార్! ఈ వారం చుక్క వాన పడకూడదని దేవుడికి మొక్కుకున్నాను!”

ఫోన్ పెట్టి తిరిగితే ఎదురుగా కప్పతల్లి ఊరేగింపు. వానకోసం రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ వస్తున్న ఆడవాళ్లు పాట ఆపేసి నన్నే చూస్తున్నారు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. ఆ రోకలికి కప్ప కూడా ఉంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

“ఏమప్పా, వాన పడగూడదని మొక్కుకుంటివా?” అంది ముందున్న మా పెద్దమ్మ.

“అది గాదు పెద్దమ్మా, నా నక్షత్రం సచ్చిపోతాంది...”

“ఎప్పుడు సస్తాది?”

“ఇంగా వేల ఏండ్లు పడతాది.”

“అట్లయితే అది ఆగుతాది. ఈడ గొడ్లు ఆగవు.”

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. నాయన తిట్టి ఉంటే బాగుండేది. “బస్సుకు టయిమైతాంది, పో” అన్నాడంతే.

కొండమీద రెండు రాత్రులూ కుండపోత. కప్పతల్లి నా చిరునామా కనుక్కుని మరీ వచ్చింది. మా ఊళ్లో చినుకు లేదు.

తల దించుకుని ఇంటికి వచ్చాను.

“చూసినావా నీ నక్షత్రాన్ని?” అన్నాడు నాయన.

“లేదు నాయనా. రెండు రాత్రులూ వానే.”

ఆయన ముఖం వెలిగిపోయింది. “వానా! పదునెంత దిగినాది?”

మట్టి ఎంత లోతు తడిసిందో నేను చూడనే లేదు.

“పోనీలే, ఆ కొండ కిందోళ్లన్నా ఇత్తుకుంటారు” అని విత్తనాల మూటను తిరిగి అటకెక్కించాడు.

కనుక ఆ కప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట వాతావరణం గురించి దేవుణ్ణి ఏమీ అడగను. అడగక తప్పకపోతే, ముందు నాయన్ని అడిగి అడుగుతాను.