తొలి కాన్పు పుట్టింట్లోనే

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మావాళ్ళ పట్టింపు. అందుకని అమ్మ ఏడో నెలలో భిలాయిలో రైలెక్కి శ్రీకాకుళం దగ్గర మా అమ్మమ్మ ఊరికి వెళ్ళింది. నన్ను కని, మూడో నెల రాగానే తిరిగొచ్చేసింది. ఆ మూడు నెలలు తప్ప, పెళ్ళయ్యేదాకా నా బతుకంతా ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళు నాన్నకిచ్చిన క్వార్టర్లోనే గడిచింది. రెండేళ్ళకు చెల్లెలు కడుపున పడేసరికి అమ్మమ్మ లేదు. అది ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టింది.

నాన్నకు చెయ్యి కాలినప్పుడు కట్టు కట్టిన సిస్టర్‌ను చూసిన రోజు నుంచి నాకు నర్సునవ్వాలని ఒకటే పిచ్చి. తొంభైల మొదట్లో ట్రైనింగులో సీటు వచ్చింది. మేము ఈ రాష్ట్రం వాళ్ళమేనని పదిహేను రోజుల్లో కాగితం తెచ్చివ్వాలన్నారు. అదెంత పని, అనుకున్నాం.

నాన్న డ్యూటీ దిగి, స్నానమైనా చెయ్యకుండా నన్ను ఆఫీసుకు తీసుకెళ్ళాడు. రేషన్ కార్డు, నా స్కూలు సర్టిఫికెట్లు అన్నీ పరిచాడు. గుమాస్తా వాటిని పక్కకు జరిపి, పుట్టిన కాగితం ఒక్కటే చదివాడు. అమ్మాయి ఆంధ్రలో పుట్టింది, అక్కడే అడగండి అన్నాడు. అమ్మమ్మ ఊళ్ళో ఉన్న మామయ్యకు ఉత్తరం రాస్తే, ఇక్కడ చదవని పిల్ల ఇక్కడి పిల్ల ఎలా అవుతుందని అక్కడి ఆఫీసువాళ్ళూ అన్నారట. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

రెండోసారి వెళ్ళినప్పుడు నాన్న గొంతు పెంచాడు. ఇరవై ఏళ్ళుగా మీ ఊళ్ళో కొలిమి ముందు కాలుతున్నాను, నా బిడ్డ పరాయిదా అన్నాడు. గుమాస్తా ఈ నేలమీది మనిషే. ఆ ఫ్యాక్టరీ గోడ లోపల మా పొలం ఉండేదన్నాడు. పర్మనెంటు ఉద్యోగాలు మీకొచ్చాయి, మా అన్న ఇవాళ్టికీ అక్కడ కాంట్రాక్టరు కింద బరువులు మోస్తున్నాడన్నాడు.

"తో మై క్యా కరూఁ, భయ్యా?" అన్నాడు చివరికి. తను మాత్రం ఏం చెయ్యగలడని. అతని గొంతులో కోపమైనా లేదు. ఉంటే నాకు తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

మావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? సుపేలా బజారులో కూరగాయలమ్మే ఆవిడ "పరదేసియా" అంటే, మమ్మల్ని పరాయివాళ్ళంటుందా అని ఉడికిపోయేవాళ్ళం. ఇంటికొచ్చి, ఈ ఊరివాళ్ళంతా సోమరిపోతులని తీర్పు చెప్పేవాళ్ళం. మా జీతాలు ఆలస్యమైతే ఆవిడ బుట్ట నిండుగానే ఇంటికి పోయేదన్న సంగతి మాకూ గుర్తుండేది కాదు, ఆవిడకూ గుర్తుండేది కాదు.

గడువు దాటిపోయింది. ఆ రోజు అమ్మ అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"పురిటికెల్లి నీ నోటికాడ కూడు నానే తీసీసినానే అమ్మా" అంది. నీ తప్పేముందని అనాల్సింది. ఉక్రోషంతో కంచం వదిలేసి లేచిపోయాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండేళ్ళ తర్వాత అదే ట్రైనింగులో చెల్లెలు చేరింది. దాని తెల్ల యూనిఫాం నేనే ఇస్త్రీ చేసేదాన్ని. సంతోషంగానే ఉండేది, ఏడుపూ వచ్చేది.

విజయనగరం సంబంధం కుదిరి నేను అత్తవారింటికి వచ్చేశాను. ఏడో నెల రాగానే పెట్టె సర్దుకుని అమ్మ కోసం ఎదురుచూశాను. అమ్మ చలిమిడి పట్టుకుని వచ్చింది. రెండు రోజులుండి ఒక్కతే బయల్దేరింది.

"కూతురికి పురుడు పొయ్యనేని పుట్టిల్లేటి?" అని మా అత్తగారు అందరి ముందూ అన్నారు. అమ్మ తలొంచుకుని ఆ మాట పడింది. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దమ్మా, ఇక్కడే కను. పెరిగిన ఊర్లోనే పుట్టిందని కాగితం ఉండాల. నీ బిడ్డని ఎవుడూ నువ్వెక్కడిదానివని అడక్కూడదు."

నొప్పులొచ్చిన రోజు "అమ్మా" అని గొంతు పోయేలా అరిచాను. అమ్మ భిలాయిలో ఉంది.