చప్పట్లకు తిరిగిన చెవిటి పిల్ల

ముందు పోయినవి లెక్కపెడతాను. ఒక అక్కకు తమ్ముడు పోయాడు. ఆ తమ్ముడికి, అమ్మ పోయాక అమ్మ ఇల్లుగా ఉన్న ఇల్లు పోయింది. వాళ్ల పిల్లలకు ఒక మేనత్త, ఒక మేనమామ పోయారు. అందరూ బతికే ఉన్నారు. నాకు మాత్రం ఏమీ పోలేదు. ఇన్నేళ్లుగా నన్ను నొక్కుతున్నది అదే. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రాజపాళయంలో మా ఇంట్లో తెల్ల వేటకుక్కలను పెంచేవాళ్లం. ముక్కు గులాబీ రంగులో ఉండి, ఒంటిమీద మచ్చ లేని పిల్లకే ఇక్కడ గిరాకీ. ఆ తెలుపుతోపాటు చెవుడూ తరచు వస్తుంది. దేన్ని దేనితో జత కడితే ఎలాంటి పిల్లలు పుడతాయో, ఎవరి దగ్గరా చదువుకోకుండానే నేను లెక్క కట్టేవాణ్ణి. ఒకసారి, రాబోయే ఈతలో ఒక్క చెవిటి పిల్ల కూడా ఉండదని ముందే ఊళ్లో చెప్పేశాను. కుక్క బుద్ధి అంతా రక్తంతోనే వస్తుందని, అది నేర్చుకునేది ఏమీ లేదని నమ్మిన రోజులవి.

ఒకటి పుట్టింది. పక్కనే పళ్లెం మోగించినా నిద్ర లేచేది కాదు. కానీ మెలకువగా ఉన్నప్పుడు, తోడబుట్టినది తల తిప్పగానే ఇదీ తిప్పేది. ఎవరు నేర్పారు? చూడాలనే ఆశ పుట్టుకతో వచ్చిందా? ఎవరిని చూడాలో అదే కనిపెట్టిందా? ఆ చిన్న తలలో ఏం జరుగుతోందో అని ఆశ్చర్యపడవలసిన చోట, దాని చెవుడు బయటపడదు, నా లెక్క పరువు నిలిచిందని సంతోషించాను.

సేత్తూరు నుంచి దూరపు బంధువు, వరసకు అక్క, మామిడితోపు కాపలాకు పిల్ల కావాలని వచ్చింది. పిల్లకు చెవులు వినిపిస్తాయో లేదో వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడడం ఇక్కడి వాడుక. చెవిటిదాన్నీ, దాని తోడబుట్టినదాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను. రెండూ తిరిగాయి.

"ఏమబ్బీ, రెండూ ఒకేమారు తిరుగుతాయే! డాన్స్ నేర్పినావా ఏమి?" అని నవ్వి, చెవిటిదాన్నే ఎత్తుకుంది.

ఆ వారంలోనే దీపావళి. అది వెళ్లాక మళ్లీ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా తమ్ముడు దీని పక్కనే వెడి కాల్చినాడు అబ్బీ. పిలిస్తే తిరిగేదే లేదు. వెడి సద్దుకు చెవులు పోతాయా? నీకు తెలుసు గదా, చెప్పు."

"పోవచ్చక్కా."

"సరి. ఇంక వాడు నా గడప తొక్కకూడదు."

టపాసు శబ్దానికి చెవులు పోవడం నిజమే కదా, నేను చెప్పింది అబద్ధమెలా అవుతుందని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ పిల్లకు వినికిడి మొదటినుంచీ లేదని తెలిసింది నాకు ఒక్కడికే. దాచడం నాకెవరు నేర్పారు? అదీ రక్తంలోదేనా? అలా అనుకుంటే హాయిగా ఉండేది. కాదు. నేనే ఎంచుకున్నాను.

అక్క దాన్ని వదిలేయలేదు. చెవిటి పిల్లను ఎవరూ ఉంచుకోని రోజుల్లో, నేలను కాలితో తట్టి పిలవడం మొదలుపెట్టింది. ఆ అదురు పాదాలకు తగలగానే అది తిరిగేది. చెయ్యి ఎత్తితే ఆగేది, దించితే పడుకునేది. అడవిపందులు కంచె దాకా వస్తే అందరికన్నా ముందు అదే లేచేదట. ముసలిదై, ఆమె ఒడిలోనే పోయింది. బుద్ధి ఒక తలలోనే కాదు, ఇద్దరి మధ్య కూడా పుడుతుందని నాకు చూపించింది వాళ్లిద్దరే. నా లెక్క ఎంత చిన్నదో తెలిసింది. అందుకు నేను వాళ్లకు రుణపడ్డాను. ఇది మర్యాదకు రాస్తున్న మాట కాదు. నా దగ్గర ఉంటే ఆ పిల్ల ఏమయ్యేదో నాకు తెలుసు.

మంచి కుక్కను ఇచ్చానని అక్క ఇప్పటికీ ప్రతి వేసవిలో మామిడిపళ్లు పంపుతుంది. తింటాను. తియ్యగానే ఉంటాయి.

తమ్ముడు తళవాయిపురంలో ఉంటాడు. రోజూ బస్సులున్నాయి. బజారులో ఎదురైతే నమస్కారం పెడతాడు. అక్క బాగుందా అని నన్నే అడుగుతాడు.

మీకు చెప్పాక గుండె కొంచెం తేలికైంది. దానివల్ల లెక్క మారలేదు. ఇంకా బాకీ రెండు మాటలు. ఒకటి సేత్తూరులో, ఒకటి తళవాయిపురంలో.